గద్దె నేనే కట్టానన్నాను

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఒక్క మాట చాలు. "ఇది ఎవరు చేశారు?" అని అడిగితే "నేనే" అన్నాను. నిజంగా చేసినవాడు నాకు పది అడుగుల దూరంలో నీళ్ళ పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను నాకు బావ అవుతాడు.

అప్పటికి నేను దోహాలో, అమెరికా పద్ధతిలో నడిచే ఒక కాలేజీలో, బేస్‌బాల్ జట్టు పనులు చూసేవాణ్ణి. బేస్‌బాల్ క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట. ఒకడు మైదానం మధ్యలో కాస్త ఎత్తుగా ఉన్న మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసురుతాడు, అవతల ఇంకొకడు గుండ్రటి బ్యాటుతో కొడతాడు. విసిరేవాడి కాలు ప్రతిసారీ ఆ దిబ్బ మీద ఒకేచోట పడి, ఒకేచోట తిరగాలి. మట్టి గట్టిగా ఉంటే కాలు జారుతుంది, మెత్తగా ఉంటే గుంట పడుతుంది. ఆ దిబ్బను మేం మాలో మేం గద్దె అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది బావే. మేడారం గద్దెల దగ్గరికి పోయినట్టే చెప్పులు విడిచి దాని మీద కాలు పెట్టేవాడు. ఎండాకాలంలో కాలు కాలుతున్నా విడిచేవాడు.

అమెరికాలోని పెద్ద కాలేజీ నుంచి ముగ్గురు చూడడానికి వచ్చారు. వాళ్ళు తేల్చవలసినవి రెండు విషయాలు. ఒకటి, నన్ను ఆపరేషన్స్ డైరెక్టర్‌ను చేయడం. రెండు, మనుషుల్ని సప్లై చేసే కంపెనీ నుంచి వచ్చి పనిచేస్తున్న బావను కాలేజీ సొంత మనిషిగా తీసుకోవడం. రెండూ మా కోచ్ రాసి పంపినవే. కాలేజీ మెడలో కార్డు వేస్తే బావ మళ్ళీ సైటు మీదికి పోనక్కరలేదు. లేకపోతే కంపెనీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. వరల్డ్ కప్పు కోసం ఊరంతా తవ్వుతున్న రోజులవి. కంపెనీలకు ఎంతమంది ఉన్నా చాలడం లేదు.

బావకు అప్పటికే యాభై దాటాయి. రెండేళ్ళ కిందటి ఎండాకాలం ఒక సైటు మీద స్పృహ తప్పి పడిపోయి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ఆ తర్వాతే నేను అతన్ని కాలేజీకి తెచ్చాను. తరచు ఒక మాట అనేవాడు: "ఇంకో ఎండాకాలం సైటు మీద నాతోని గాదు బామ్మర్దీ. నేను ఇంటికి విమానం సీట్ల కూసోని పోత. కింద సామాన్ల జాగల పెట్టెల పండుకోని పోవుడు నాకిష్టం లేదు." అని తనే నవ్వేవాడు. మా వైపు వాళ్ళకు ఆ పెట్టె ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

ముగ్గురిలో ఒక పెద్దావిడ గద్దె మీదికి ఎక్కి, బూటు మడమతో నొక్కి, వంగి, చేత్తో కాస్త మట్టి తీసి నలిపి చూసింది. ఇలాంటి మట్టి తమ దగ్గర కూడా కుదరదని, ఇసుక దేశంలో ఎలా కుదిరిందని ఆశ్చర్యపోయింది. ఎవరు చేశారని అడిగింది.

నేనే అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే నోరు జారిందనుకోవచ్చు. ఆగలేదు. మా నాన్న ఇటుకల బట్టీ నడిపేవాడని, చిన్నప్పటి నుంచి మట్టి తొక్కి పెరిగానని చెప్పాను. మా నాన్న బీడీల కార్ఖానాలో గుమాస్తా. ఇటుకల బట్టీలో మట్టి తొక్కి పెరిగింది బావ. నేను అతని పనినే కాక అతని బాల్యాన్ని కూడా నా పేరు మీద రాసుకున్నాను. ఇంగ్లీషులో అబద్ధం చెప్పడం తేలికగా ఉంది. నా నోట్లోంచి వేరే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది.

ఆవిడ సంతోషించి చప్పట్లు కొట్టింది. మిగతా ఇద్దరూ కొట్టారు. కోచ్ ఆ సమయానికి అవతల పిల్లల ప్రాక్టీసు చూస్తున్నాడు, ఏమీ వినలేదు. చప్పట్లు విని బావ పైపు కింద పెట్టి, మట్టి చేతులు లుంగీకి తుడుచుకోబోయి, ఒంటి మీద ఉన్నది ప్యాంటని గుర్తొచ్చి, అలాగే ఆ మట్టి చేతులతో తనూ చప్పట్లు కొట్టాడు. తనను మెచ్చుకుంటున్నారనుకున్నాడు. తల కొద్దిగా వంచి వాళ్ళకు దండం పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక అడిగాడు. "ఏమంటున్నరు బామ్మర్దీ?"

"నీ మట్టి మస్తుగున్నదంటున్నరు."

"గట్లనా. మరి నా కార్డు ముచ్చట?"

"అయితది తీ బావా."

"అయితే ఈ శుక్రవారం మటన్ నాది," అన్నాడు.

ఆ మటన్ నేను తిన్నాను. అది కూడా రాయాలి. క్యాంపులో బావ గదిలో, నేల మీద పేపర్లు పరుచుకుని, ఎనిమిది మందిమి కూర్చుని తిన్నాం. అమెరికా ఆఫీసర్లు తన మట్టి చూసి చప్పట్లు ఎలా కొట్టారో బావ అందరికీ చేసి చూపించాడు. "ఒక ముసలామె అయితే నా గద్దె దిగనంటది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

*

మేమిద్దరం చుట్టాలం కాదు. వరస కలుపుకున్నాం. నేను ఇంటర్ తప్పి, హెల్పర్ వీసా మీద వచ్చి, క్యాంపు గదిలో అడుగు పెట్టిన సాయంత్రం బావ మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. ఏ ఊరని అడిగాడు. జగిత్యాల దగ్గర ఫలానా ఊరన్నాను. కత్తి ఆపి ఆలోచించాడు.

"మీ ఊరికి మా మేనత్తను ఇచ్చిన్రు. గట్లయితే నువ్వు నాకు బామ్మర్దివి. మంచిదే అయింది. ఇగ నిన్ను ఎంత తిట్టినా ఎవడు ఏమనడు."

మా వైపు నుంచి వచ్చినవాళ్ళందరూ ఇక్కడ చేసే మొదటి పని ఇదే. ఏదో ఒక ఊరిని, ఏదో ఒక అత్తను పట్టుకుని వరస దొరకబుచ్చుకుంటారు. వరస కుదిరాక ఇద్దరి మీదా బరువు పడుతుంది. నాకు కింది మంచం ఇచ్చి తను పైమంచం ఎక్కాడు. మొదటి నెలల్లో సైటు మీద నా వంతు సిమెంటు బస్తాలు సగం తనే మోశాడు. "ఇంటర్ చదివిన భుజాలు, పాపం," అని గేలి చేస్తూ మోసేవాడు. ఫోర్‌మన్ వచ్చినప్పుడు మాత్రం బస్తా నా భుజం మీద పెట్టి, నా వెనక నిలబడి కింద నుంచి పట్టుకునేవాడు.

నేను పైకి రావడం చిన్న సంగతితో మొదలైంది. శుక్రవారాలు ఏషియన్ టౌన్ గ్రౌండులో క్యాంపు జట్ల క్రికెట్ జరిగేది. నాకు ఆట రాదు, చేతిరాత బాగుంటుంది. స్కోరు పుస్తకం నాకిచ్చారు. ఒక రోజు ఒక తెల్లాయన వచ్చి, ఆట చూడకుండా నా పుస్తకం చూస్తూ నిలబడ్డాడు. అతనే కాలేజీ కోచ్. సామాన్లు చూసుకునే మనిషి కావాలన్నాడు. ఆ ఉద్యోగానికి కాలేజీలో ఎవరూ రాలేదట. ఊరంతా ఫుట్‌బాల్ జపం చేస్తుంటే ఈ ఆట ఎవరికి కావాలి?

మొదట బ్యాట్లు మోశాను. బంతులు తుడిచాను, చొక్కాలు ఉతికించాను, ఐసు పెట్టెలు నింపాను. తర్వాత బస్సులు, గేటు పాసులు, అంపైర్లకు భోజనాలు. ఒకసారి అల్యూమినియం బ్యాట్ల పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోయింది. గుండ్రంగా, మెరుస్తూ, బోలుగా ఉన్న ఆ గొట్టాలు ఏమిటో అక్కడి ఆఫీసరుకు అర్థం కాలేదు. ఆట అన్నాను. నమ్మలేదు. ఆ హాల్లోనే ఒక బ్యాటు తీసుకుని ఎలా కొడతారో చేసి చూపించాను. లైన్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, పెట్టె బయటికి వచ్చింది. అలాంటి పనులు నాకు బాగా వచ్చేవి. ఎవరితో ఎలా మాట్లాడితే తలుపు తెరుచుకుంటుందో పట్టుబడింది. మూడేళ్ళలో నాకు ఆఫీసు గది, బల్ల, తలుపు మీద పేరు వచ్చాయి. ఆ ఆట గురించి నాకు తెలియంది ఒక్కటే, దాని కిందున్న నేల.

ఇక్కడి నేల ఇసుక, సున్నపురాయి పొడి. ఎంత తడిపినా నిలవదు. అమెరికా నుంచి బస్తాల్లో మట్టి తెప్పించారు. అది నెలల తరబడి ఓడలో వచ్చి, ఎండకు పిండిలా అయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన బావను సైటు నుంచి తప్పించాలని అప్పుడే నేను కోచ్‌తో మాట్లాడి తీసుకొచ్చాను. ఇది నిజంగా నేను చేసిన మంచి పని. ఆ తర్వాత దాన్ని నేనే చెడగొట్టుకున్నాను.

బావ బస్తాలో చెయ్యి పెట్టి చూసి, "గిది మట్టేనా? ఉప్మా చేసుకోమని రవ్వ పంపినట్టున్నరు," అన్నాడు.

రెండు వారాలు తిరిగాడు. అబూ హమూర్ మార్కెట్లో మొక్కల కుండీలకు అమ్మే ఎర్రమట్టి తెచ్చాడు. సైట్ల దగ్గర పారేసిన విరిగిన ఇటుకలు ఏరుకొచ్చి, దంచి, జల్లించాడు. ఆ బస్తాల పిండిని కూడా కలిపాడు. నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి, తడి గోనె సంచులు కప్పి పెట్టాడు. రెండో రోజు మళ్ళీ తొక్కాడు. నాలుగో రోజు మళ్ళీ. "మట్టి మాగాలె బామ్మర్దీ. తొందర పెడితే పగుల్తది," అనేవాడు. అయిందో లేదో తెలుసుకోవడానికి కుడిచేతి బొటనవేలు మట్టిలోకి దించేవాడు. వేలు దిగాలి, తీస్తే మట్టి అంటుకోకూడదు. నీళ్ళు నింపిన సన్న గొట్టం రెండు చివరలూ పట్టుకుని మేమిద్దరం ఎత్తు చూసుకునేవాళ్ళం, మేస్త్రీలు గోడకు చూసుకున్నట్టు. అలా కట్టాడు గద్దె.

ఆ రోజుల్లోనే నేను ఒక మాటన్నాను. "ఆఫీసోళ్ళ ముంగట బామ్మర్ది అనకు బావా. సార్ అను."

బావ నన్ను కింది నుంచి పైకి చూశాడు. "అట్లనే బామ్మర్ది సార్," అన్నాడు.

అప్పటి నుంచి అదే పిలుపు. మైదానం ఈ మూల నుంచి ఆ మూలకు "బామ్మర్ది సార్" అని కేకేసేవాడు. కుర్రాళ్ళు అది నా ఇంటిపేరనుకున్నారు.

*

డైరెక్టర్ ఉద్యోగం నాకు వచ్చింది. ఆట సీజను ముగిసి, ఎండలు ముదురుతుండగా, బావ సంగతి మీటింగులో తేలింది. కొత్త డైరెక్టరుకు మట్టి పని స్వయంగా వచ్చు కాబట్టి, దానికి ప్రత్యేకంగా మనిషిని తీసుకోనక్కరలేదని, కంపెనీ మనిషిని తిరిగి కంపెనీకి పంపవచ్చని కాగితంలో ఉంది. గడ్డి, నీళ్ళు కాలేజీ తోటమాలులు చూసుకుంటారు. కోచ్ నా వైపు చూశాడు. అతని చూపులో ప్రశ్న ఉంది. ఇంతకాలం గద్దె మీద వంగి కనిపించింది ఎవరో అతనికి తెలుసు. కానీ కలపడం నేను నేర్పి ఉంటానని, బావ నేను చెప్పినట్టు చేసే మనిషని అనుకుని ఉంటాడు. వివరించవలసింది నేను. నేను నీళ్ళ గ్లాసు ఎత్తి తాగాను.

మొదటిసారి నోరు తెరిచి చేసిన తప్పును రెండోసారి నోరు మూసుకుని చేశాను. ఏది పెద్దదని అడిగితే రెండోదే అంటాను. మొదటిసారి ఆలోచించడానికి సమయం లేదు. రెండోసారి ఉంది. ఆ కాగితం మీద డైరెక్టరుగా నా మొదటి సంతకం పెట్టాను.

బావతో కంపెనీ పిలిచిందని చెప్పాను. స్టేడియాల పని ఆగకూడదని పైనుంచి ఒత్తిడి ఉందని, కాలేజీ ఎంత అడిగినా ఒప్పుకోలేదని చెప్పాను.

బావ నీళ్ళ పైపు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "నువ్వు చెయ్యాల్సింది చేసినవు తీ. గా కంపెనోళ్ళు ఎవని మాటింటరు," అన్నాడు. గోనె సంచులు ఎక్కడ పెట్టాడో, మట్టి ఎక్కడ దాచాడో చూపించాడు. "గద్దెను ఎండకు ఒదిలిపెట్టకు. రోజు ఇంత తడుపు," అని చెప్పి కంపెనీ బస్సెక్కాడు.

ఆ ఎండాకాలం నేను ఏసీ గదిలో అక్టోబరు ఆటల పట్టిక వేశాను. గద్దెను తడపమని తోటమాలులకు చెప్పాను, తడిపారో లేదో వెళ్ళి చూడలేదు. బావకు రెండుసార్లు ఫోన్ చేశాను. స్టేడియం ముందు దారికి రాళ్ళు పరుస్తున్నామని, తెల్లవారకముందే డ్యూటీ మొదలై పొద్దు నెత్తికెక్కకముందే ఆపుతారని, ఫర్వాలేదని చెప్పాడు. మూడోసారి చేయలేదు. అతను ఫర్వాలేదు అనడం నాకు భరించరానిదైంది. దాన్ని పని ఒత్తిడి అనుకున్నాను.

*

అక్టోబరులో చూస్తే గద్దె చేటంత చేటంత పెళ్ళలుగా పగిలి ఉంది. తవ్వి మళ్ళీ కట్టాలి. కొలతలు నాకు కంఠతా వచ్చు. ఏ మట్టి ఎంత, ఏ పొడి ఎంత, అన్నీ కాగితం మీద ఉన్నాయి. వందసార్లు చూశాను. కానీ ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆట నాలుగు రోజుల్లో ఉంది. రెండు రోజులు కప్పి ఉంచి, బొటనవేలు దించి చూశాను. మట్టి వేలికి అంటుకుంది. పైన పొడి చల్లి సరిపెట్టాను.

మూడో ఓవరు లాంటి దశలో, మా కుర్రాడు బంతి విసరబోతుంటే పైపొర జారి, కాలు మడత పడి కూలబడ్డాడు. చీలమండ బెణికింది. ఎముక విరగలేదు, అది అతని అదృష్టం. కోచ్ గద్దె దగ్గరికి వచ్చి వంగి చూశాడు. ఊడిన పెళ్ళను ఎత్తి నా చేతిలో పెట్టాడు.

"నీ మట్టికి ఏమైంది?" అన్నాడు.

ఆ పెళ్ళను పట్టుకుని బస్సు ఎక్కాను. జట్టంతా దిగిపోయాక నేనొక్కణ్ణే వెనక సీట్లో మిగిలాను. బస్సు డ్రైవరు గోదావరి వైపు మనిషి. ముందు ఒక పెద్ద ఇంట్లో హౌస్ డ్రైవరుగా ఏళ్ళ తరబడి చేసి కాలేజీకి వచ్చాడు. అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు.

"మీ బావగారుంటే ఇలా జరిగేది కాదండి."

"కంపెనీ పిలిచింది. ఏం చేస్తం?"

"కంపెనీ పిలిచిందా అండి?" అని బండి పక్కకు తీసి ఆపాడు. "ఆ రోజు నేను బస్సు తలుపు దగ్గరే ఉన్నానండి. ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు గానీ, పెద్దోళ్ళ కార్లు నడిపి నడిపి అర్థమవుద్దండి. ఇటుకల బట్టీ మీ నాన్నగారిదన్నారు."

చేతిలోని పెళ్ళను పక్క సీటు మీద పెట్టాను. "మరి అప్పుడే చెప్పకపోయినవా?" అన్నాను. తప్పు అతని మీదికి కూడా కాస్త నెట్టాలని చూశాను.

"ఎలా చెప్పమంటారండి? ఆయన చప్పట్లు కొట్టేస్తుంటే," అన్నాడు.

*

శుక్రవారం ఏషియన్ టౌన్‌కు వెళ్ళాను. బావ క్రికెట్ గ్రౌండు మెట్ల మీద కూర్చుని, ఎవరిదో ఆట చూస్తున్నాడు. మనిషి నల్లబడి, సగమయ్యాడు. నన్ను చూసి ముఖం వెలిగింది.

"బామ్మర్ది సార్ వచ్చిండు. జరుగుండ్రి, డైరెక్టర్‌కు జాగియ్యిండ్రి," అని పక్కనున్నవాళ్ళను జరిపాడు.

కూర్చున్నాక అతని కుడిచెయ్యి చూశాను. బొటనవేలి కొన లేదు. మిగిలింది కొయ్యలా నిలబడి ఉంది, వంగడం లేదు. ఎండాకాలంలో దారి అంచు రాయి దింపుతుంటే కింద పడిందట. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏం జేస్తవు? బాధ పడ్తవు. నువ్వే నా గురించి గంత తిరిగినవాయె."

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. ముసలావిడ ఏమడిగిందో, నేను ఏమన్నానో, ఇటుకల బట్టీ సంగతి, మీటింగులో నీళ్ళు తాగిన సంగతి, సంతకం. కంపెనీ పిలవలేదని, నేనే పంపానని. గ్రౌండులో ఎవరో అవుటయ్యారు, అరుపులు లేచాయి, అవి తగ్గేదాకా ఆగి మిగతాది చెప్పాను.

బావ తిడతాడనుకున్నాను. ఇగ నిన్ను ఎంత తిట్టినా ఎవడు ఏమనడు అన్న మనిషి. తిడితే నాకు కొంత దారి దొరికేది. అతను గ్రౌండు వైపే చూస్తూ ఒకటే అన్నాడు.

"నేను చప్పట్లు గొట్టిన గదరా."

తర్వాత లేచాడు. ప్యాంటు వెనక దుమ్ము ఎడమచేత్తో దులుపుకున్నాడు. "పోయొస్త సార్. బస్సొస్తది," అన్నాడు. ఆ మాటలో బామ్మర్ది లేదు.

*

ఇక చేసింది రాస్తాను. గొప్ప కోసం కాదు, చేసింది ఎంత తక్కువో తెలియడం కోసం.

ఆదివారం ఆఫీసు తెరవగానే కోచ్‌కు, కాలేజీలో ఆటల పెద్దకు, అమెరికా నుంచి వచ్చిన ఆ ముగ్గురికి ఒకే ఉత్తరం రాశాను. గద్దె ఎవరు కట్టారో, నేను ఏం చెప్పానో, దాని వల్ల ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరి వేలు పోయిందో రాశాను. క్షమించమని అడగలేదు. ఆ మనిషిని వెనక్కి పిలవమని అడిగాను. కోచ్ చదివి నా గదికి వచ్చి, తలుపు మీది నా పేరు చూసి వెళ్ళిపోయాడు. వారంలో నా పదవి తీసేశారు. పంపించెయ్యకుండా, మొదట పనిచేసిన సామాన్ల గదికే పంపారు. తలుపు మీది పేరు నేనే ఊడదీసుకున్నాను.

తర్వాతి శుక్రవారం క్యాంపుకు వెళ్ళాను. ఆ గదిలో, మటన్ తిన్న వాళ్ళందరి ముందు, ఆ చప్పట్లు ఎవరి కోసమో చెప్పాను. బావ గదిలో లేడు, నేను వస్తున్నానని తెలిసి బయటికి పోయాడు. అందరూ విన్నారు. ఒకాయన, "గింత చదివి గిదేనా పని?" అన్నాడు. ఇంకొకతను, "నీకు వరస కలిపినోన్ని అనాలె," అన్నాడు. ఎవరూ టీ తాగమనలేదు. అది సరైనదే.

కాలేజీ బావను అడిగింది. కంపెనీ ఇవ్వనంది. ప్రతి వారం నా సెలవు రోజున ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. అక్కడి మేనేజరు నన్ను చూడగానే చెయ్యి ఊపి, అరబ్బీలో లేదు లేదనేవాడు. "మాఫీ, మాఫీ. స్టేడియం పని అయ్యాక రా." నేను మళ్ళీ వారం వెళ్ళేవాణ్ణి. తలుపులు తెరిపించే నా మాట నేర్పు అక్కడ దేనికీ పనికి రాలేదు. కూర్చోవడం ఒక్కటే చేయగలిగాను. ఆ దారికి రాళ్ళు పరవడం పూర్తయ్యాక, చలికాలం సగంలో, కాగితం మీద ముద్ర పడింది.

బావ కాలేజీ కార్డు మెడలో వేసుకుని వచ్చిన మొదటి రోజు, బస్సు దిగి నేరుగా గద్దె దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నేను ముందే ఎర్రమట్టి, ఇటుక పొడి పోసి ఉంచాను. నా వైపు చూడలేదు. చెప్పులు విడిచి గద్దె చుట్టూ ఒకసారి తిరిగాడు. కోచ్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని, వేలు చూసి, రెండు చేతులతో అలాగే కాసేపు పట్టుకున్నాడు. అతను చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. ఈసారి ఒక్క మాట కూడా పోనివ్వకుండా చెప్పాను. బావ తల ఊపాడు.

అప్పటి నుంచి సామాన్ల గది తెరవడానికి ముందు గంటసేపు నేను గద్దె మట్టి తొక్కుతాను. అది నా ఉద్యోగంలో లేదు. కోచ్‌ను అడిగి తీసుకున్నాను. ఏది ఎంత కలపాలో, ఎన్ని రోజులు మాగాలో బావ చెప్పినట్టు రాసి, పైన అతని పేరు పెట్టి, మైదానం పుస్తకంలో చేర్పించాను. కొత్త డైరెక్టరు మొదటి రోజే అది చదివాడు.

బావ నాతో అవసరమైనంతే మాట్లాడతాడు. మొదటి వారం అయ్యాక, నేను తొక్కిన మట్టి దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి చాచి, ఆగి, వెనక్కి తీసుకుని, ఎడమ బొటనవేలు దించాడు. తీసి చూశాడు. మట్టి అంటుకుని ఉంది.

"ఇంక మాగలే. మళ్ళ తొక్కు సార్," అన్నాడు.

నీళ్ళు చల్లి మళ్ళీ తొక్కాను.